అగ్గువ కంప్యూటరులో ఏమి తీసివేశారు?



ప్రత్యేక సంచిక కోసం ఏదైనా చరిత్రకు సంబంధించిన వ్యాసం వ్రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. కాకతీయుల చెరువులను గూర్చి, నిజాం నాటి రైల్వేను గూర్చి వ్రాయగల పెద్దలు మనలోనే ఉన్నారు. నేను నీటిపారుదల శాఖ డివిజన్ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, 1998లో సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు దగ్గరగా తెలిసిన చరిత్ర చిన్నది. 1999లో మన హనుమకొండ యూనిట్ కోసం విడిభాగాలు కొని కూర్చిన మొదటి కంప్యూటరు చరిత్ర అది. అందులో సంఘం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కని సంగతి ఒకటి ఉన్నది. నాకిప్పుడు ఎనభై ఆరో ఏడు నడుస్తున్నది. ఇంక దాచి ప్రయోజనం లేదు.

విడిభాగాలు అంగడికి వచ్చిన తీరు

కంప్యూటరును ఇంట్లో కూర్చుకోవచ్చుననే సంగతి మొదట ఎవరూ తలపెట్టి చేసినది కాదు. 1981 ఆగస్టు 12న అమెరికాలో ఐ.బి.ఎం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. త్వరగా తయారు కావాలన్న తొందరలో ఆ కంపెనీ అన్ని భాగాలు తానే చేయకుండా బయట కొన్నది. ప్రాసెసరు ఇంటెల్ వారి 8088. దానిని నడిపే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ వారిది. ఐ.బి.ఎం. తనదిగా ఉంచుకొన్నది ముఖ్యంగా బయాస్ అనే చిన్న ప్రోగ్రాము. మిషను లేవగానే మొదట పనిచేసేది అదే.

కాంపాక్ కంపెనీ ఇంజనీర్లు ఐ.బి.ఎం. వ్రాతను నకలు చేయకుండా, అదే పని చేసే బయాస్‌ను తాము స్వయంగా వ్రాసుకొన్నారు. 1982 నవంబరులో తమ మిషనును ప్రకటించారు. 1984లో ఫీనిక్స్ అనే సంస్థ అటువంటి బయాస్‌ను అడిగిన వారికల్లా అమ్మసాగింది. ఇక అడ్డు లేదు. తైవాన్ కంపెనీలు మదర్‌బోర్డులు చేసి ప్రపంచమంతా పంపినవి. ఇల్లు కట్టించేవాడు ఇటుక ఒక బట్టీలో, కలప ఒక డిపోలో, సిమెంటు ఒక దుకాణంలో కొని మేస్త్రీని పిలిచినట్లుగా, కంప్యూటరు కూడా కూర్చుకొనే వస్తువైంది.

ఇంకొక కారణం కూడా ఉన్నది. ఒక్క కంపెనీ మీదనే ఆధారపడటం ఇష్టంలేక, ఇంటెల్ ప్రాసెసర్లను మరొకరు కూడా తయారు చేయాలని ఐ.బి.ఎం. పట్టుబట్టింది. ఆ విధంగా 1982లో ఎ.ఎం.డి. కంపెనీకి హక్కు దొరికింది. మన టెండర్లలో ఒకే కొటేషన్ వస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. రెండో కొటేషన్ ఉండబట్టే తరువాతి రోజుల్లో సామాన్యుడికి ధర దిగింది.

మన దేశం సంగతి వేరు. 1978లో ఐ.బి.ఎం. ఇండియా నుండి వెళ్లిపోయింది. మన హైదరాబాదులోనే ఇ.సి.ఐ.ఎల్. వారు కంప్యూటర్లు తయారు చేసేవారు కాని అవి పెద్ద సంస్థల కోసం. 1984 నవంబరులో వచ్చిన కంప్యూటర్ విధానం దిగుమతి సుంకాలను తగ్గించింది. 1991 సంస్కరణలు మరికొంత దారి తీసినవి. 1997లో భారతదేశం అంతర్జాతీయ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, ఈ వస్తువులపై సుంకాలను క్రమంగా ఎత్తివేయడానికి అంగీకరించింది. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, మద్రాసులో రిచీ స్ట్రీట్, బొంబాయిలో లామింగ్టన్ రోడ్డు వంటి బజార్లు ఆ రోజుల్లో నిండుగా ఉండేవి. మనకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నది. సి.టి.సి. అంటే మన పిల్లలందరికీ తెలుసు.

తీసివేసి అమ్మే పద్ధతి

ప్రాసెసరు కొనేవారు తెలుసుకోవలసిన అసలు చరిత్ర ఇది. ఖరీదైన వస్తువులో ఒక భాగం తీసివేసి, లేదా పనిచేయకుండా ఆపి, తక్కువ ధరకు మరో పేరుతో అమ్మడం ఈ వ్యాపారంలో మొదటినుండి ఉన్నదే.

1989లో వచ్చిన 486 ప్రాసెసరులో దశాంశాల గణితం చేసే భాగం లోపలే ఉన్నది. అంతకు ముందు 386కు దానిని వేరుగా కొనవలసి వచ్చేది. 1991లో ఎ.ఎం.డి. వారు 40 మెగాహెర్ట్జ్ 386ను చవకగా దింపారు. అదే సంవత్సరం ఇంటెల్ వారు 486 ఎస్.ఎక్స్. అనే చవక రకాన్ని తెచ్చారు. మొదట్లో అది లోపలి గణిత భాగాన్ని పనిచేయకుండా ఆపిన 486. తరువాత ఎవరికైనా ఆ భాగం కావాలంటే 487 అనే చిప్పును కొనవలసి వచ్చేది. అది నిజానికి పూర్తి 486. దానిని పెట్టగానే పాత చిప్పు పని మానివేసేది. ఉన్న గుమాస్తాను కుర్చీలోనే కూర్చుండబెట్టి, పనంతా కొత్తగా వచ్చిన వానికి అప్పగించినట్లు!

1998 ఏప్రిల్‌లో ఇంటెల్ వారు సెలెరాన్ పేరుతో 266 మెగాహెర్ట్జ్ ప్రాసెసరును విడుదల చేశారు. పెంటియం-2లో ఉన్న రెండో అంచె క్యాష్ మెమరీని ఇందులో పూర్తిగా తీసివేశారు. క్యాష్ అంటే ఏమిటో మా ఇంటి భాషలో చెబుతాను. పెరట్లో బావి ఉన్నది, అది హార్డ్ డిస్కు. వంటింట్లో బిందె ఉన్నది, అది మెమరీ. కూర్చున్న చోట పక్కన చెంబు ఉన్నది, అది క్యాష్. చెంబు తీసివేస్తే గుక్కెడు నీళ్లకు కూడా లేచి వంటింట్లోకి నడవవలసిందే. మనిషి ఎంత చురుకైనవాడైనా నడకలోనే పొద్దు పోతుంది. ఆ ప్రాసెసరుకు మంచి పేరు రాలేదు.

అదే ఏడు ఆగస్టు 24న సెలెరాన్ 300ఎ వచ్చింది. ఈసారి 128 కిలోబైట్ల చెంబును ప్రాసెసరులోనే, ప్రాసెసరు నడిచే వేగంతోనే నడిచేటట్లు పెట్టారు. పెంటియం-2లో 512 కిలోబైట్లు ఉన్నా అది సగం వేగంతో నడిచేది. అమెరికాలో ఆ రోజున 300ఎ ప్రకటించిన ధర 149 డాలర్లు. అదే రోజు వచ్చిన 450 మెగాహెర్ట్జ్ పెంటియం-2 ధర 669 డాలర్లు. మదర్‌బోర్డు వేగాన్ని 66 నుండి 100కు మార్చితే ఈ 149 డాలర్ల చిప్పు కూడా చాలాసార్లు 450 మీద నిలబడేదని ప్రపంచమంతా తెలిసిపోయింది. కొందరు వర్తకులు తక్కువ వేగం చిప్పు మీద ముద్ర చెరిపి ఎక్కువ వేగం ముద్ర కొట్టి అమ్మేవారు కూడా. ఎ.ఎం.డి. వారి కె6-2 కూడా అదే ఏడు వచ్చింది. ఆఫీసు పనులకు బాగుండేది. ఆటల్లో వచ్చే దశాంశ లెక్కల్లో ఇంటెల్ కన్నా వెనుకబడేది.

486 ఎస్.ఎక్స్. కొన్నవాడికి ఉత్తరాలు టైపు చేయడమే పని అయితే ఏమీ నష్టం లేదు. తీసివేసిన భాగం అతనికి అక్కరలేదు. 266 సెలెరాన్ కొన్నవాడికి మాత్రం చాలా పనుల్లో నష్టమే. రెండూ చవకవే కాని, ఒకటి పొదుపు, రెండోది మోసపోవడం. ఈ తేడా నాకు పుస్తకాల్లో తెలియలేదు. చేతులు కాలిన తరువాత తెలిసింది.

సికింద్రాబాదు ప్రయాణం

1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వేతన సవరణ వచ్చింది. పెన్షన్ల సవరణకు ప్రతి సభ్యుని వివరాలు, లెక్కల పట్టికలు తయారు చేయవలసి వచ్చింది. మన యూనిట్‌లో అప్పటికి 210 మంది. తలా 100 రూపాయల చొప్పున రూ. 21,000 పోగైనవి. నా కమ్యుటేషన్ పైకంలో నుండి రూ. 10,000 చేబదులుగా ఇచ్చినాను. మొత్తం రూ. 31,000 దాటరాదని కమిటీ తీర్మానం చేసి, కొనే బాధ్యత నాకే అప్పగించింది.

అక్టోబరులో నేను, అప్పుడు ఎం.సి.ఎ. చదువుతున్న మా అబ్బాయి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదు వెళ్లినాము. మేము అనుకొన్న ఎస్టిమేటు దుకాణంలో అడుగు పెట్టగానే తలక్రిందులైంది. కారణం భూకంపం. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చి రెండు వేల నాలుగు వందల మందికి పైగా మరణించారు. అక్కడి సిన్‌చూ పట్టణంలోని చిప్పుల కర్మాగారాలకు కొన్ని రోజులు కరెంటు లేదు. దానితో మెమరీ ధర ప్రపంచమంతా ఎగబాకింది. ఎక్కడి తైవాన్, ఎక్కడి హనుమకొండ పెన్షనర్లు! మేము 64 మెగాబైట్ల మెమరీ అనుకొన్నాము. 32 మెగాబైట్లకే రూ. 2,400 అన్నారు.

మా అబ్బాయి ఒక మాట అన్నాడు: “బాపూ, ప్రాసెసరు 366 సెలెరాన్ చాలు. మిగిలిన పైసలు మెమరీకి పెడుదాం.”

నేను వినలేదు. 500 మెగాహెర్ట్జ్ సెలెరాన్ కొత్తగా వచ్చింది. దాని ధర 366 కన్నా రూ. 2,700 ఎక్కువ. సంఘం మిషను అంటే నలుగురూ వచ్చి చూస్తారు. ‘ఎంత స్పీడు?’ అని అడిగితే ‘అయిదు వందలు’ అని చెప్పాలని నాకు మనసైంది. మెమరీ 32తో సరిపెట్టినాము. మదర్‌బోర్డు 810 రకం. బొమ్మ చూపే భాగం అందులోనే ఉండేది, వేరే కార్డు అక్కరలేదు. అది పొదుపే. కాని ఆ భాగం తన పనికి మన 32లో నుండే కొంత వాడుకొనేది.

చివరకు కేబినెట్ వద్దకు వచ్చినాము. అందులో ఎస్.ఎం.పి.ఎస్. అనే ఇనుప డబ్బా ఉంటుంది. గోడ కరెంటును తీసుకొని లోపలి భాగాలన్నిటికీ తగినట్లుగా మార్చి ఇచ్చేది అదే. దుకాణం కుర్రవాడు రెండు డబ్బాలు తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టినాడు. రెండింటి మీదా 250 వాట్లు అని ఒకే అచ్చు. ఒకటి బరువుగా ఉన్నది, ఒకటి తేలికగా ఉన్నది.

“సార్, బరువుది 450 ఎక్కువ. కాని అదే తీసుకోండి,” అన్నాడు.

అంగట్లో పనిచేసేవాడు ఎక్కువ ధరది అంటగట్టడానికే చూస్తాడని నా ముప్పయ్యేండ్ల ఆఫీసు అనుభవం చెప్పింది. తేలికది తీసుకొన్నాను. మొత్తం బిల్లు రూ. 30,800 అయింది. మిగిలిన 200 ఆటోకు, చాయకు సరిపోయినవి. మానిటరు డబ్బాను ఒళ్లో పెట్టుకొని గర్వంగా ఇంటికి వచ్చినాము.

మినిట్స్‌లో లేని 450 రూపాయలు

మిషను పనిచేసింది. సభ్యుల వివరాలన్నీ స్ప్రెడ్‌షీటులో ఎక్కించినాము. కాని పెద్ద పట్టిక తెరిస్తే హార్డ్ డిస్కు గరగరమంటూ తిరిగేది. బిందె చిన్నదైతే ఊరికే బావి వద్దకు పోవలసిందే కదా! అయిదు వందల స్పీడున్న ప్రాసెసరు నీళ్ల కోసం కాచుకొని కూర్చునేది.

2000 మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టప్పుమని చప్పుడు, కాలిన వాసన. తేలికపాటి ఎస్.ఎం.పి.ఎస్. తాను పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును కూడా వెంట తీసుకుపోయింది. తరువాత మెకానిక్ దానిని విప్పి చూపినాడు. కరెంటు హెచ్చుతగ్గులను ఆపవలసిన చుట్టలు, కెపాసిటర్లు అమర్చే చోట్లు బోర్డు మీద గీసి ఉన్నవి. భాగాలు మాత్రం లేవు. కొన్నిచోట్ల ఒట్టి తీగ ముక్కతో కలిపి వదిలివేశారు. డబ్బా ఎందుకు తేలికగా ఉన్నదో అప్పుడు తెలిసింది.

జనవరిలో తీసిన ఫ్లాపీలు రెండు ఉంటే, ఒకటి చదవలేకపోయింది. కాగితాలు ముందర వేసుకొని నలుగురం కూర్చొని ఇరవై మూడు రోజులు మళ్లీ టైపు చేసినాము. అయినా ఒక కేసు తెగలేదు. చనిపోయిన ఒక అటెండరు గారి భార్య ఫ్యామిలీ పెన్షన్ కేసు అది. ఆయన సర్వీసు రిజిస్టరు చాలా చిరిగి ఉండగా, నేను కార్యాలయంలో కూర్చొని ఇంక్రిమెంట్ల తేదీలు చూచి నేరుగా మిషనులో ఎక్కించి ఉంటిని. ఆ తేదీలు మిషనుతో పాటే పోయినవి. రిజిస్టరు అప్పటికి వేరే కార్యాలయానికి వెళ్లింది. దానిని మళ్లీ పట్టుకొని లెక్క పంపేసరికి సెప్టెంబరు వచ్చింది. ఈలోగా ఆమె మనుమరాలి హాస్టలు ఫీజు కోసం చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఒకనాడు మా ఇంటికి వచ్చి, నన్ను ఏమీ అనకుండా, “మిషను మంచిగైందా సారూ?” అని మాత్రం అడిగింది. ఆ మాట ఈనాటికీ చెవిలో ఉన్నది.

కమిటీకి నేను ఇచ్చిన సంజాయిషీ ‘విద్యుత్ హెచ్చుతగ్గుల వలన నష్టము సంభవించినది’ అని. మినిట్స్‌లో అదే ఎక్కింది. అది సగం నిజం. మదర్‌బోర్డు, డిస్కు నా పైకంతోనే కొని పెట్టినాను, అది వేరే మాట. కాని 450 రూపాయల సంగతి కమిటీకి చెప్పలేదు.

ఇప్పుడు ఆడిట్ నేనే చేసుకొంటున్నాను. 366 ప్రాసెసరు తీసుకొని ఉంటే రూ. 2,700 మిగిలేది. చేతిలో మిగిలిన 200 కలిపితే 2,900. అందులో మెమరీకి 2,400, బరువు డబ్బాకు 450 పోగా ఇంకా 50 రూపాయలు ఉండేవి. అదే బిల్లులో మంచి మిషను వచ్చేది. డబ్బు చాలక కాదు, పెట్టవలసిన చోట పెట్టక పోయింది.

మా ఇంటావిడతో చెప్పుకొంటే ఆమె అన్నది: “ఇత్తడి బిందె కొన్నప్పుడు నేను చేతుల ఎత్తి చూడకుంట కొంటనా? ఒక్కటే సైజుది, బరువు తక్కువ, అగ్గువకు ఇస్తున్నడంటే, ఏదో తీసేసినట్టే గదా!” ఎం.సి.ఎ. చదివిన అబ్బాయికీ, లెక్కలు చూచే సూపరింటెండెంటుకూ తట్టని సంగతి ఆమె ఒక్క మాటలో చెప్పింది.

మనుమడి ఎస్టిమేటు

మొన్న మా మనుమడు చదువు కోసం కంప్యూటరు కూర్చుకొంటానని భాగాల జాబితా తెచ్చి చూపించాడు. ప్రాసెసరు ఇంటెల్ 12400ఎఫ్. చివర ఎఫ్ లేని 12400 కన్నా ఇది కొంత అగ్గువ.

“ఇందులో ఏమి తీసివేశారురా?” అని అడిగినాను.

వాడు నవ్వి, “తాతా, బొమ్మ చూపే భాగం ఇందులో లేదు. వేరే గ్రాఫిక్స్ కార్డు పెట్టాలె,” అన్నాడు.

ఇంటెల్ వారు 2019 నుండి ఇటువంటి ఎఫ్ రకాలు అమ్ముతున్నారు. ఆటల కోసం ఎలాగూ పెద్ద కార్డు కొనేవారికి ఎఫ్ మంచి బేరమే. వాడికి ఆటల పని లేదు. వేరే కార్డు ధర, ప్రాసెసరులో మిగిలే దానికన్నా ఎక్కువ. జాబితా మార్చినాడు. ఎ.ఎం.డి. వారి రైజెన్‌లలోనూ ఇదే విధంగా చూచుకోవాలి. 2021లో వచ్చిన 5600జి లోపల ఆ భాగం ఉన్నది, 5600ఎక్స్‌లో లేదు. ఒక్క అక్షరం తేడా.

పిల్లలకు, మనుమలకు కంప్యూటరు కొనిచ్చే సభ్యులకు నేను మనవి చేసేది ఇంతే. ముందు పని ఏమిటో వ్రాసుకోండి. దానికి సరిపోయే ప్రాసెసరు మధ్యరకంలోనే దొరుకుతుంది. ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌నే వాడేటట్లయితే మెమరీని ఒకే పెద్ద కర్రగా కాక రెండు సమానమైనవిగా వేయించండి, దానికి మేలు. హార్డ్ డిస్కు బదులు ఎస్.ఎస్.డి. పెట్టించండి. పాత మిషను ఎవరైనా అగ్గువకు ఇస్తామంటే ఆగి చూడండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందటి సాధారణ ప్రాసెసర్లను ఒప్పుకోదు. ఎస్.ఎం.పి.ఎస్.ను పేరున్న కంపెనీది, గ్యారంటీ ఉన్నది తీసుకోండి. 2004లో మొదలైన 80 ప్లస్ అనే గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుంది, అదొక్కటే చూచి మోసపోకండి. ముఖ్యమైన కాగితాలు రెండు చోట్ల దాచండి, రెండో చోటు వేరే డబ్బా కావాలి.

మా మనుమడు చివరకు ఎస్.ఎం.పి.ఎస్. తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఈ కాలంలో బరువు చూచి చెప్పలేమని నాకు తెలుసు. అయినా ఒకసారి ఎత్తి చూచినాను. వాడి నాయనమ్మ ఇప్పుడు లేదు. ఉంటే ఆమె చేతికే ఇచ్చేవాణ్ణి.

2000 సంవత్సరం మే నెల మినిట్స్ పక్కన ఈ వ్యాసం ప్రతిని అతికించవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతున్నాను.

సెలవు.